నడిపే బండా, నిలబెట్టే బండా: మౌలాలీలోని పాత కార్ల షెడ్డుపై ఒక సమీక్ష

హైదరాబాద్‌లోని మౌలాలీ పారిశ్రామిక వాడలో లేత్ షాపుల వరుస ముగిసే చోట, రేకుల కప్పు కింద, పాత కార్లకు మాత్రమే పనిచేసే ఒక షెడ్డు ఉంది. గత ఏడాది అక్కడ మా బండికి పదకొండు వారాల పాటు పని జరిగింది. ఆ పని ఎలా ఉన్నదో, పెట్టిన డబ్బుకు తగినట్టు ఉన్నదో లేదో చెప్పడానికే ఇది రాస్తున్నాను. షెడ్డు పేరు మాత్రం రాయవద్దని యజమాని కోరారు. ఆయన దగ్గర ఉన్నది ఇద్దరే పనివాళ్లు, ఆ రేకుల కింద ఏడు బండ్లకు మించి పట్టవు, కొత్తవి వచ్చి పడితే ఉన్నవాటికి న్యాయం చేయలేనని ఆయన భయం. ఆయన మాట మన్నించి, అక్కడికి వచ్చేవారందరూ పిలిచినట్టే ఆయనను ఉస్తాద్ అని మాత్రమే పేర్కొంటాను.

గేటు దగ్గర బండి ఆపగానే ఉస్తాద్ బానెట్ తెరవమనరు, ఏం సమస్య అని కూడా అడగరు. "నడిపే బండా సార్, నిలబెట్టే బండా?" అని అడుగుతారు. జవాబు వచ్చేదాకా పానా ముట్టుకోరు. మొదటిసారి ఆ ప్రశ్న నాకు వింతగా తోచింది. పదకొండు వారాల తరువాత, పాత బండి ఉన్న ప్రతి ఇంట్లోనూ ముందుగా తేల్చుకోవలసిన విషయం ఇదేనని నాకు నమ్మకం కుదిరింది.

మాది కాంటెస్సా క్లాసిక్. మా నాన్నగారు 1996లో కొన్నారు. బ్రిటన్‌లో వాక్స్‌హాల్ సంస్థ 1970లలో చేసిన వీఎక్స్ కారు నమూనాను తెచ్చి, హిందుస్థాన్ మోటార్స్ 1984 నుంచి 2002 వరకు బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో ఈ బండిని తయారు చేసింది. మొదట్లో అంబాసిడర్ ఇంజిన్‌తోనే వచ్చినా, తరువాత ఇసుజు వారి 1.8 లీటర్ల ఇంజిన్, ఐదు గేర్ల పెట్టె పెట్టి క్లాసిక్ అన్నారు. పొడవాటి ముక్కు, వెడల్పైన భుజాలు, వెనుక చక్రాలకు అందే శక్తి చూసి చాలామంది దీన్ని మన దేశపు మజిల్ కారు అంటారు. రూపం వరకు ఆ మాట నిజమే. శక్తి సంగతికి వస్తే దీనిది 88 హార్స్ పవర్ దాకా మాత్రమే. 1964లో పాంటియాక్ జీటీఓతో అమెరికాలో ఊపందుకున్న అసలు మజిల్ కార్ల లెక్క వేరు. మధ్యరకం కారులో 389 ఘనపుటంగుళాల వీ8 ఇంజిన్ పెట్టి 325 హార్స్ పవర్ ఇచ్చారు. 1970 నాటికి షెవర్లే షెవెల్‌లోని 454 ఇంజిన్ 450కి చేరింది. ఆ వెంటనే కాలుష్య చట్టాలు, పెరిగిన బీమా ప్రీమియం, 1973 చమురు సంక్షోభం కలిసి ఆ కథను పదేళ్లలోనే ముగించాయి. అందుకే ఆనాటి బండ్లకు ఇప్పుడు అంత ధర.

ఈ షెడ్డుకు రాకముందు నేను ఒక పొరపాటు చేశాను. నగరంలోనే మరో చోట, పెద్ద అద్దాల షోరూమ్ ఉన్న వర్క్‌షాపులో బండిని మూడు నెలలు వదిలాను. కొత్తదానిలా చేసి ఇస్తామన్నారు, అలాగే చేశారు. అసలు రంగును పూర్తిగా గీకి, లప్పం దట్టంగా పట్టించి, అద్దంలా మెరిసే కొత్త పూత వేశారు. బానెట్ కింద నుంచి తీసిన పాత భాగాలను అడిగితే తుక్కులో వేశామన్నారు. వాటిలో అసలు కార్బొరేటర్ కూడా ఉంది. బండి ఫోటోలకు బాగుండేది కానీ ఉదయం సెల్ఫ్ కొడితే అయిదారు సార్లకు గాని అందుకునేది కాదు. తలుపు అంచు మీద నాన్నగారి ఉంగరం రాసుకుని పడిన సన్నటి గీత ఒకటి ఉండేది. అది కూడా లప్పం కింద పోయింది. ఆ గీత పోయినందుకు నేను ఈనాటికీ బాధపడుతున్నాను.

అందువల్ల ఉస్తాద్ ప్రశ్నకు నేను తడుముకున్నాను. నడపాలని ఉంది, కానీ పాడవుతుందని భయం. ఆయన నవ్వలేదు, విసుక్కోలేదు. వెనుక ఎడమ చక్రం విప్పించి, బ్రేక్ డ్రమ్ము ఊడదీసి, లోపల బ్రేకును నొక్కే వీల్ సిలిండర్‌ను నా ఎదుటే తెరిచారు. పసుపుపచ్చగా, తేటగా ఉండవలసిన బ్రేక్ ఆయిల్ కషాయం రంగులో కారింది. రబ్బరు కప్పు వేలితో నొక్కితే సాగకుండా ముక్కలై రాలింది. సిలిండర్ గోడ మీద, పిస్టన్ ఎప్పుడూ ఆగి ఉండే చోట, గోరుతో తడిమితే తగిలేంత తుప్పు వలయం ఉంది. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుందనీ, బండి కదులుతూ ఉంటే పిస్టన్ అటూ ఇటూ జరిగి ఆ గోడను శుభ్రంగా ఉంచుతుందనీ, కదలని బండిలో తేమ ఒకేచోట కూర్చుని ఇనుమును తింటుందనీ ఆయన వివరించారు. "ఇది నడిపినందుకు పోలేదు సార్. గుడ్డ కప్పి ఉంచినందుకు పోయింది" అన్నారు. నేను రెండేళ్లుగా వారానికోసారి ఇంటి ముందు అయిదు నిమిషాలు ఇంజిన్ తిప్పి ఆపేస్తున్నానని చెబితే, అది అసలు తిప్పకపోవడం కంటే చెడ్డదన్నారు. ఇంజిన్ పూర్తిగా వేడెక్కనంత కాలం మండినప్పుడు పుట్టే నీటి ఆవిరి బయటికి పోదు. అది ఆయిల్‌లో కలిసి ఆమ్లమై బేరింగులను కొరుకుతుంది, సైలెన్సర్‌లో చేరి లోపలి నుంచి తుప్పు పట్టిస్తుంది. రెండు వారాలకు ఒకసారి, ఆయిల్ కూడా బాగా వేడెక్కేలా, కనీసం ఇరవై కిలోమీటర్లు ఆగకుండా నడపాలన్నది ఆయన నియమం.

నా బండి పక్కనే, ఒకే ఒక్క లిఫ్ట్ మీద, 1969 నాటి ముదురు ఎరుపు ఫోర్డ్ మస్టాంగ్ మాక్ 1 ఉండేది. 351 ఘనపుటంగుళాల వీ8 ఇంజిన్, ఎడమ వైపు స్టీరింగ్. దాని యజమానులు అన్నదమ్ములు. వారిద్దరి వాదన దాదాపు ప్రతి శనివారం విన్నాను, వినడానికే వెళ్లిన రోజులు కూడా ఉన్నాయి. తమ్ముడికి దాన్ని ఔటర్ రింగ్ రోడ్డు మీద గట్టిగా తొక్కాలని ఉంది. అన్నగారికి అది గాజు గదిలో ఉండాలి.

"గుర్రాన్ని కొని కొట్టంలో కట్టేస్తే ఎట్లన్నా?" అనేవాడు తమ్ముడు.

"కాలు విరిగితే ఏం చేస్తవురా? బ్లాకు నంబరు, ఛాసిస్ నంబరు కలిసిన బండి ఇది. బ్లాకు పగిలితే సగం ధర అక్కడే పోయె" అనేవారు అన్నగారు.

ఆయన మాటలో పస ఉంది. అమెరికన్ మజిల్ కార్ల ధరను నిర్ణయించే ముఖ్య విషయాల్లో ఒకటి ఇంజిన్ బ్లాకు మీద చెక్కిన అంకెలు ఛాసిస్ నంబరుతో సరిపోవడం. ఆ ఇంజిన్‌ను గరిష్ఠ వేగంలో తిప్పి ఒక కనెక్టింగ్ రాడ్ విరిగి బ్లాకు గోడ చీల్చుకుని బయటికి వస్తే, మరో మంచి ఇంజిన్ దొరుకుతుంది గాని ఆ అంకెలు దొరకవు. 1971లో హెమీ అనే ఇంజిన్‌తో, ప్లిమత్ సంస్థ నుంచి వచ్చిన ‘కుడా’ అనే మోడల్ కన్వర్టిబుల్ (పైకప్పు తెరుచుకునే) బండ్లు పదకొండే. వాటిలో ఒకటి 2014లో వేలంలో 35 లక్షల డాలర్లకు పోయింది. అటువంటి దాన్ని రోడ్డు మీద టైర్లు పొగలు కక్కేలా తిప్పమని నేను ఎవరికీ చెప్పను. మన చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న 1912 నాటి పసుపుపచ్చ రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ విషయంలోనూ అంతే. నిజాం దర్బారు కోసం చేయించిన ఆ బండి తన జీవితంలో తిరిగిన దూరమే చాలా తక్కువ. దాని విలువంతా చెక్కుచెదరని ఆ రూపంలోనే ఉంది కాబట్టి అది ఉండవలసిన చోటే ఉంది.

అయితే గాజు గదే అన్నిటికీ మందు అనడానికి వీల్లేదు. 1968లో హాలీవుడ్ నటుడు స్టీవ్ మెక్వీన్ ఒక సినిమాలో నడిపిన పచ్చని మస్టాంగ్ జీటీని 1974లో న్యూజెర్సీకి చెందిన ఒక కుటుంబం కొన్నది. ఇంటి ఇల్లాలు దాన్ని రోజూ నడుపుకుంటూ తను పాఠాలు చెప్పే బడికి వెళ్లేది. క్లచ్ చెడి మూలపడే నాటికి అది అరవై అయిదు వేల మైళ్లు తిరిగింది. 2020 జనవరిలో ఫ్లోరిడాలో జరిగిన వేలంలో, సొట్టలతో, వెలిసిన రంగుతో, ఏ కొత్త పూతా లేకుండానే, కమిషన్‌తో కలిపి 37 లక్షల 40 వేల డాలర్లు పలికింది. సినిమా పేరు ప్రతిష్ఠ ఆ ధరకు కారణమే. కానీ కొన్నవారు తిరిగిన మైళ్లను లోపంగా చూడలేదు, మాసిన రంగును మార్చమని అడగలేదు. నేను లప్పం కింద పోగొట్టుకున్నది అదే కదా అనిపించింది.

ఉస్తాద్ అన్నదమ్ములలో ఎవరి పక్షమూ వహించలేదు. ఒక శనివారం వాల్వ్ కవరు, మ్యానిఫోల్డు విప్పి, వాల్వులను తెరిపించే కామ్‌షాఫ్టు చూపించారు. దాని మీద ఒక గడ్డ మిగతావాటి కంటే సుమారు రెండు మిల్లీమీటర్లు పొట్టిగా అరిగి ఉంది. తమ్ముడు తొక్కినందుకే అరిగిందని అన్నగారు అనబోతుంటే ఆయన ఆపి, అది పోసిన ఆయిల్ తప్పు అన్నారు. ఆ కాలపు వీ8 ఇంజిన్లలో కామ్ కదలికను వాల్వుకు అందించే టప్పెట్టు దాని మీద చదునుగా రాసుకుంటూ తిరుగుతుంది. ఆ రాపిడిని తట్టుకోవడానికి ఆయిల్‌లో జింక్ సమ్మేళనం తగినంత ఉండాలి. కొత్త కార్లలో పొగలోని కాలుష్యాన్ని తగ్గించే కెటలిటిక్ కన్వర్టర్లు దానితో పాడవుతాయి కాబట్టి ఈనాటి ఆయిళ్లలో దాన్ని బాగా తగ్గించారు. అన్నగారు ప్రేమతో, ఖరీదు ఎక్కువని చూసి పోసిన కొత్తరకం ఆయిలే ఆ కామ్‌ను తినేసింది. ఇందులో తప్పు నడపడానిదీ కాదు, నిలపడానిదీ కాదు. షెడ్డు వేరే బ్రాండు జింక్ ఆయిల్ తెప్పించి పోసింది, డబ్బా మీద ఉన్న పాళ్లు చదివి వినిపించింది కూడా.

ఆ తరువాత ఉస్తాద్ ఇచ్చిన సలహా నా దృష్టిలో ఈ షెడ్డు అందించే సేవలన్నిటిలోకి విలువైనది. మస్టాంగ్‌కు కావలసిన దాదాపు ప్రతి భాగమూ, చివరికి బాడీ పెంకు సహా, ఇప్పటికీ కొత్తగా తయారవుతోంది. కాబట్టి అసలు కార్బొరేటర్, డిస్ట్రిబ్యూటర్, చక్రాలు, అవసరమైతే అసలు ఇంజిన్ కూడా దించి, గ్రీజు పూసి, చీటీ కట్టి పెట్టెలో దాచండి, కొత్త భాగాలు, మరో బ్లాకు బిగించి మనసారా తొక్కండి, అమ్మే రోజు వస్తే పాతవి ఎక్కించి ఇవ్వండి అన్నారు. అన్నదమ్ములు ఆ రోజు మొదటిసారి ఒకే మాట మీదికి వచ్చారు. తరువాత ఆయన నా వైపు తిరిగి, "మీ బండికి ఆ వీలు లేదు సార్" అన్నారు.

అంతకు ముందు నేను ఎప్పుడూ ఆలోచించని సంగతి అది. కోటి రూపాయల మస్టాంగ్‌ను నిర్భయంగా తొక్కవచ్చు, మూడు లక్షలు కూడా పలకని కాంటెస్సాను తొక్కకూడదు. కాంటెస్సా భాగాలను ఇప్పుడు ఎవరూ తయారు చేయడం లేదు. తునకలు చేసిన మరో కాంటెస్సా నుంచి దొరికితేనే దొరుకుతాయి. వెనుక ఎడమ లైటు అద్దం కోసం నేను పుత్లీబౌలి దుకాణాలన్నీ తిరిగి, రాణిగంజ్‌లో అడిగి, నాలుగు గురువారాలు జుమ్మేరాత్ బజార్‌లో వెతికి, చివరకు ఒక మూల సన్నటి పగులున్నదాన్ని 4,500 రూపాయలకు తెచ్చుకున్నాను. అది పగిలితే మరొకటి ఎక్కడ దొరుకుతుందో ఆ బజారులో ఎవరూ చెప్పలేకపోయారు. గట్టిగా నడపాలా, జాగ్రత్తగా దాచాలా అని తేల్చేటప్పుడు మనం ఎప్పుడూ ధరనే చూస్తాం. చూడవలసింది, విరిగిన ముక్కకు బదులు మరో ముక్క దొరుకుతుందా అన్నది. నిలబెట్టకూడదు, తొక్కకూడదు, క్రమం తప్పకుండా నెమ్మదిగా నడపాలి అన్నది మా బండికి తేలిన తీర్పు.

ఇంధనం విషయంలోనూ ఉస్తాద్ శ్రద్ధ గమనించదగినది. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్‌లో ఇరవై శాతం ఇథనాల్ ఉంటుంది. అది పాత రబ్బరు గొట్టాలను ఉబ్బించి మెత్తబరుస్తుంది, నీటిని పీల్చుకుని ట్యాంకు అడుగున తుప్పు పట్టిస్తుంది, కార్బొరేటర్‌లో మిశ్రమాన్ని పలచన చేసి ఇంజిన్‌ను అతిగా వేడెక్కిస్తుంది. ఆయన గొట్టాలన్నీ ఇథనాల్ తట్టుకునేవి వేసి, కార్బొరేటర్‌లో పెట్రోల్ వెళ్లే సన్నటి రంధ్రమైన జెట్టును ఒక కొలత పెంచి, నెలకు పైగా బండి ఆగే పక్షంలో కార్బొరేటర్ ఖాళీ అయ్యేలా నడిపి ఆపమన్నారు. మే నెల ఎండలో తార్నాక జంక్షన్ దగ్గర పెట్రోల్ ఆవిరై బండి నిలిచిపోకుండా, ఇంజిన్ వేడికి దూరంగా గొట్టం దారి మళ్లించారు. గతంలో ఎవరూ ఇది చేయలేదు.

చట్టం సంగతి ఆయన పెద్దగా పట్టించుకోరు, ఆ భాగం మనమే తెలుసుకోవాలి. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటి, అసలు రూపం మారని బండిని వింటేజ్ వాహనంగా నమోదు చేసుకోవచ్చు. నంబరు పలకపై వీఏ అక్షరాలు వస్తాయి. అలా నమోదైన బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, సాంకేతిక పరిశోధనకు, మరమ్మతుకు, ఇంధనం పోయించడానికి మాత్రమే రోడ్డు మీదికి తీయాలి, రోజువారీ తిరగడానికి వీల్లేదు. ఇంజిన్, ఛాసిస్, బాడీలలో పెద్ద మార్పులు చేస్తే ఆ అర్హతే ఉండదు. అన్నదమ్ములు మరో ఇంజిన్ ఎక్కించే ముందు ఈ విషయం చూసుకోవాలని నేనే గుర్తుచేశాను.

ఇక పని తీరు. ఆరు వారాలన్నది పదకొండు వారాలు పట్టింది. ఆలస్యానికి కారణం నిజమైనదే, వీల్ సిలిండర్లకు లోపల కొత్త పొర వేయించడానికి లేత్ షాపు వాళ్లు తిప్పించుకున్నారు, కానీ ఆ సంగతి నేను ఫోన్ చేసిన ప్రతిసారీ అడిగి తెలుసుకోవలసి వచ్చింది. ఆయన తనంతట తాను ఎప్పుడూ చెప్పరు. కూర్చోవడానికి ఒక్క కుర్చీ ఉంది, వానలో రేకు కారుతుంది. సీట్ల పని, రంగు పని చేయరు. నా బండికి పాత పూత తిరిగి రాదని, కొత్తది వేయడం దండగని స్పష్టంగా చెప్పి వద్దన్నారు. డబ్బు కోసం చూసుకునేవారు ఆ మాట అనరు. లేబర్ 38,000, సామాను 61,400 రూపాయలు అయింది. బిల్లులో ప్రతి వాషర్‌కు, ప్రతి గ్యాస్కెట్‌కు వేరుగా ధర రాసి ఉంది. నాకు అన్నిటికంటే నచ్చినది ఒక చెక్కపెట్టె. బండి నుంచి తీసిన ప్రతి పాత భాగాన్నీ, ముక్కలైన ఆ రబ్బరు కప్పుతో సహా, కడిగి, తేదీ రాసిన చీటీ కట్టి అందులో పెట్టి తాళంతో పాటు ఇచ్చారు. వెనుకటి వర్క్‌షాపు తుక్కులో పడేసిన కార్బొరేటర్‌కు బదులు, అదే రకానిది ఒక పాత ట్యాక్సీ నుంచి వెతికి తెచ్చి సరిచేసి బిగించారు.

కొత్త టైర్ల విషయంలో ఆయన పట్టుబట్టడం మొదట్లో నాకు అనవసరం అనిపించింది, ఎందుకంటే గాడులు లోతుగానే ఉన్నాయి. టైరు గోడ మీద ఉన్న నాలుగు అంకెలు చూపించారు. మొదటి రెండు వారాన్ని, చివరి రెండు ఏడాదిని తెలుపుతాయి. మావి 2009 నాటివి. రబ్బరు గట్టిపడిన టైరుతో బ్రేకు ఎంత బాగున్నా బండి ఆగదని చెప్పి, మార్చేదాకా బండి ఇవ్వనన్నారు. ఆయన మాటే సరి.

ఒక ఆదివారం తెల్లవారుజామున ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ ఎక్కి శంషాబాద్ దాకా వెళ్లి వచ్చాను. 120 కిలోమీటర్ల పరిమితి ఉన్న లైన్లలోకి పోకుండా ఎడమ పక్కనే ఎనభైలో నడిపాను. ఒక్క సెల్ఫ్‌కే అందుకుంది. వేడి ముల్లు మధ్యలోనే నిలిచింది. బ్రేకు తొక్కితే బండి ఒక పక్కకు లాగకుండా తిన్నగా ఆగింది. తిరిగి వచ్చేటప్పుడు ఎర్ర మస్టాంగ్ కుడి పక్క నుంచి దూసుకుపోయింది. స్టీరింగ్ ముందు అన్నగారున్నారు, పక్క సీట్లో తమ్ముడు.

ఉస్తాద్ ఇచ్చిన ఒక అట్ట ముక్క ఇప్పుడు మా బండి డ్యాష్‌బోర్డు అరలో ఉంటుంది. నడిపిన తేదీ, దూరం, గమనించినది అందులో రాయాలి. మొన్నటి ఆదివారం వరుసలో ఇలా రాశాను: కీసర దాకా, రానూ పోనూ 44 కిలోమీటర్లు, వేడి సరిగా ఉంది, స్పీడ్ బ్రేకర్ల మీద వెనుక ఎడమ చక్రం దగ్గర సన్నటి కిర్రు, బుష్ కావచ్చు, శనివారం చూపించాలి.